నిమిషానికి 83 చుట్లు

జూన్ 8

మామయ్య వాళ్ళ పెంకుటిల్లు విప్పేస్తున్నారు. స్లాబు పోయిస్తారట. అటక మీద సామానంతా అరుగు మీదకి దింపితే గంగాళాలకీ కుంచాలకీ మధ్యన తాతయ్య పాటల పెట్టె, అదే కీ ఇచ్చే గ్రామఫోను, బయటపడింది. "పట్టుకుపోరా అల్లుడూ, నువ్వైనా ఏదో ఒకటి చేస్తావు. లేదంటే రేపు పాత ఇనపసామాను బండిలో వేసెయ్యడమే" అన్నాడు మామయ్య.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి తుప్పర మొదలైంది. పెట్టెని ఎరువుల సంచిలో చుట్టి బండి ట్యాంకు మీద పెట్టుకుని దాని మీదకి వంగి కూర్చున్నాను. ప్లేట్లు అమ్మ ఒళ్ళో ఉన్నాయి. నరసాపురం ఒడ్డు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక మాత్రం "కీ ఇస్తే పాడుతుందంటావా?" అంది.

నాది పాలకొల్లులో మోటారు వైండింగు షాపు. వ్యవసాయం మోటార్లు కొన్ని, చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఎక్కువ. కరెంటు లేకుండా తిరిగే మోటారు ఇంతవరకూ నా బల్ల మీదకి రాలేదు. ఏ రోజు ఏ మర విప్పానో మర్చిపోకుండా ఉండడానికే ఈ రాత.

జూన్ 10

నల్ల రెక్సిను అతికించిన సూట్‌కేసు లాంటి పెట్టె. మూత లోపల హెచ్.ఎం.వి. కంపెనీ కుక్క బొమ్మ సగం చెరిగిపోయింది, చెవీ గొట్టం మూతీ మిగిలాయి. షాపుకి వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న, "గొట్టం ఏదండీ?" గొట్టం లోపలే ఉంది, చెక్క కింద మడతపెట్టినట్టుగా. పైకి పెద్ద ఇత్తడి పువ్వు లేకపోతే అది గ్రామఫోనే కాదని జనం నమ్మకం. ఆ నమ్మకం మీదే ఢిల్లీ, బొంబాయి పాత బజార్లలో కొత్త పువ్వుకి పాత మోటారు తగిలించి, పెట్టె మీద కుక్క బొమ్మ అతికించి 'యాంటిక్' పేరుతో అమ్మేస్తుంటారు. ఈ సూట్‌కేసు పెట్టెలకి ఆ అందం లేదు కాబట్టి నకిలీల బెడద కూడా లేదు. మనదాన్ని ఎవరూ ముట్టుకోలేదని ధైర్యంగా అనుకున్నాను.

హ్యాండిల్ సగం చుట్టు తిరిగి ఆగిపోతోంది. బలవంతం చెయ్యలేదు. స్ప్రింగులో పాత కీ ఎంత మిగిలుందో బయటికి తెలీదు. బ్రేకు వదిలి, ప్లేటు పెట్టే పళ్ళెం చేత్తో మెల్లగా తిప్పుతూ ఉన్న బలమంతా దిగిపోయేదాకా ఓ అరగంట కూర్చున్నాను. ఇది చెయ్యకుండా మోటారు విప్పితే వేళ్ళు పోతాయి.

జూన్ 15

పై పలక నాలుగు మరలు తీస్తే మోటారు పలకతో సహా లేచి వచ్చింది. తిరగేసి చూస్తే పళ్ళ చక్రాల నిండా బూడిదరంగు మన్ను. మొదట ఏదో పాత గ్రీజు గట్టిపడిందనుకున్నాను. గోటితో గీకితే పొడిగా, మెత్తగా, మొహానికి రాసుకునే పౌడరులా రాలింది. వేలికి తడి చేసి నలిపితే జిగట. ఒండ్రు!

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చినప్పుడు ఆ లంకలో మామయ్య వాళ్ళ ఇంట్లో నడుము దాకా నీళ్ళు నిలిచాయి. పెట్టె అప్పుడు అటక మీద లేదట, కిటికీ పక్కన బల్ల మీద ఉందట. నీళ్ళు తీశాక ఎండలో పెట్టి, ఆరాక మూతేసి అటకెక్కించేశారు. అంటే దాదాపు నలభయ్యేళ్ళుగా గోదావరి మన్ను దీంట్లోనే ఉంది. అమ్మకి చూపిస్తే చిటికెడు తీసుకుని కాగితంలో పొట్లం కట్టింది. ఎందుకని అడగలేదు.

మిగతాదంతా కిరసనాయిలు స్నానం. రేషన్లో ఇప్పుడు కిరసనాయిలు దొరకదు, షాపులో డబ్బా అడుగున ఉన్నదే గతి. పాత టూత్‌బ్రష్షులు నాలుగు అరిగిపోయాయి. స్క్రూలు ఊడివచ్చిన వరసలోనే ఒక అట్టముక్కకి గుచ్చి పక్కన ఫోటో తీసుకున్నాను.

జూన్ 22

స్ప్రింగు డ్రమ్ము. దీని గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నా కుడి మోచేతి కింద కట్టు ఉంది.

డ్రమ్ము మూత తీస్తే లోపల స్ప్రింగు నల్లటి తారులో ముంచినట్టుంది. కంపెనీలో వేసిన గ్రాఫైట్ గ్రీజు ఎండి రాయయిపోయింది. ఇలా గట్టిపడితే పొరలు ఒకదాని మీద ఒకటి జారవు, అతుక్కుని ఒక్కసారిగా వదులుతాయి. పాట మధ్యలో 'ధబ్' మని శబ్దం వచ్చి ప్లేటు తూలుతుంది. అందుకని స్ప్రింగు బయటికి తియ్యక తప్పదు. తోలు గ్లవ్స్ వేసుకున్నాను, డ్రమ్ముని గోనెసంచిలో పెట్టాను, మధ్య కొసని పటకారతో పట్టుకుని ఒక్కో చుట్టే బయటికి వదులుతున్నాను. మూడొంతులు వచ్చింది. ఫోను మోగింది. చెరువు దగ్గర నుంచి, ఏరియేటర్ కాలిపోయిందని. చూపు అటు తిరిగిందో లేదో మిగతా స్ప్రింగంతా పాములా లేచి గోనెసంచిని చీల్చుకుని నా చేతి మీద గీత గీసింది. నాలుగు కుట్లు, టి.టి. ఇంజెక్షను. గ్లవ్స్ మణికట్టు దాకానే ఉంటాయన్న సంగతి ఇంతకు ముందు ఆలోచించలేదు.

స్ప్రింగు విరగలేదు. డ్రమ్ము లోపలి కొక్కేనికి తగులుకునే బయటి కొస దగ్గర రంధ్రం మాత్రం చిరిగిపోయింది. హ్యాండిల్ సగం చుట్టులోనే ఆగడానికి కారణం ఇదీ, ఆ గ్రీజూ రెండూ.

జూలై 13

మూడు వారాలు ఖాళీ దొరకలేదు. వానలు పడి మబ్బులు కమ్మితే చెరువుల్లో ఆక్సిజన్ తగ్గిపోతుంది, ఏరియేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి, తిరిగినకొద్దీ కాలతాయి. అది నా సీజన్. తాతయ్య పెట్టె బల్ల కింద నిద్రపోయింది.

ఈ ఆదివారం స్ప్రింగు కొస రెండంగుళాలు కోసేసి, మిగిలిన కొసని బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిచ్చాను. అలా మెత్తబడితే తప్ప డ్రిల్లు దిగదు. రంధ్రం గుండ్రంగా కాకుండా జామపండు ఆకారంలో, కొక్కెం తల దూరి జారి పట్టుకునేలా ఆకురాయితో తీర్చాలి. గంటన్నర పని. తర్వాత కొత్త గ్రాఫైట్ గ్రీజు పట్టిస్తూ చుట్టలు చుట్టలుగా డ్రమ్ములోకి ఎక్కించాను. ఈసారి ఫోను ఇంట్లో వదిలేసి వచ్చాను.

జూలై 20

మోటారు తిరిగింది! పలకని రెండు ఇటుకల మీద నిలబెట్టి, హ్యాండిల్ ఇరవై చుట్లు తిప్పి బ్రేకు వదిలితే పళ్ళెం గిర్రున అందుకుంది. షాపులో కుర్రాడు చప్పట్లు కొట్టాడు. అయితే అడుగు నుంచి 'గుర్ర్' మని ఒక మోత. బేరింగు పోయిన పంపు మోటారు లాంటి మోత, మరీ అంత కాదు గానీ.

ఇక వేగం. పళ్ళెం అంచుకి కాగితం ముక్క అంటించి నిమిషం లెక్కపెట్టాను. 83. ఈ ప్లేట్లకి ఉండవలసింది 78. వేగం లివరు సరిగ్గా మధ్య గీత మీదే ఉంది. కంప్యూటరులో 77 నల్ల గీతల చక్రం గీయించి ప్రింటు తీసి పళ్ళెం మీద పెట్టాను. మన కరెంటు 50 సైకిల్సు కాబట్టి పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. నిమిషానికి 6000. దాన్ని 77తో భాగిస్తే 77.92. అంటే ఆ లైటు కింద గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే పళ్ళెం 78 దగ్గర తిరుగుతున్నట్టు. ఎల్ఈడీ కింద ఈ ఆట సరిగ్గా సాగదు. చోకు ట్యూబులైటు నా షాపులో ఒకటే మిగిలింది. చాలామంది తీసెయ్యమన్నారు, తియ్యకపోవడం ఇప్పుడు పనికొచ్చింది.

గీతలు ముందుకి పరిగెడుతున్నాయి. లివరు 'స్లో' వైపు జరిపితే నెమ్మదించాయి గానీ ఒకచోట నిలబడవు, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊగుతున్నాయి. పాట ఇలా ఊగితే దీర్ఘాలన్నీ ఏడుపులవుతాయి.

జూలై 27

వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ విప్పాను. చెప్పాలంటే ఈ యంత్రం మొత్తానికి తెలివంతా ఇక్కడే. సన్నటి కడ్డీ చుట్టూ మూడు పల్చటి ఉక్కు రేకులు, ఒక్కో రేకు నడుముకి ఒక్కో సీసపు గుండు. కడ్డీ తిరిగినకొద్దీ గుళ్ళు బయటికి విచ్చుకుంటాయి. విచ్చుకున్నకొద్దీ కడ్డీ మీది బిళ్ళ జరిగి తోలు ముక్కకి రాసుకుంటుంది. వేగం పెరిగితే రాపిడి పెరుగుతుంది, తగ్గితే రాపిడి వదులవుతుంది. లివరు చేసేది ఆ తోలు ముక్కని ముందుకీ వెనక్కీ జరపడమే. ఆ తోలు ఎండిపోయి చెక్కలా ఉంది. రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేస్తే మెత్తబడింది.

మూడు గుళ్ళలో ఒకటి మిగతా వాటికి తోబుట్టువు కాదు. జూన్‌లో కడిగేటప్పుడే చూశాను, మసి పట్టిందనుకుని వదిలేశాను. ఇవాళ భూతద్దం కింద పెడితే, అది సోగ్గా ఉంది, నిలువునా బెజ్జం ఉంది, ఆ బెజ్జాన్ని టంకం పోసి మూసి పక్కన మర దింపారు. ఇది విసురువల గుండు! వల అంచుకి వరసగా కడతారే, అది. వెంటనే మామయ్యకి ఫోను చేశాను. "ఆఁ, ఒకసారి లోపల ఏదో ఊడిపోతే రాజోలు నుంచి గడియారాల మేస్త్రి వచ్చి వేశాడు. గుండు దొరక్కపోతే మన పాలేరు వల్లోంచి కోసిచ్చాడు మా నాన్న. నేను చిన్నవాణ్ణి" అన్నాడు.

పక్కనే బంగారం కొట్టు. తక్కెడలో వేయిస్తే పాతవి రెండూ ఒక్కోటి 6.1 గ్రాములు, వల గుండు 4 గ్రాములు. షాపు గోడ మీద సుద్దముక్కతో లెక్క కట్టాను. ఉండవలసింది 18.3, ఉన్నది 16.2. బరువు తగ్గితే అంతే దూరం విచ్చుకోడానికి గుళ్ళు ఇంకా వేగంగా తిరగాలి, గుళ్ళని బయటికి లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 18.3ని 16.2తో భాగించి వర్గమూలం తీస్తే 1.063. 78 పెట్టి గుణిస్తే 82.9.

కాగితం ముక్కతో లెక్కపెట్టింది 83. నాకు ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. మోత కూడా దీని పుణ్యమే. ఒక గుండు తేలికైతే కడ్డీ సమానంగా తిరగదు కదా.

సాయంత్రం నరసాపురం వెళ్ళి వలల కొట్లో పావుకిలో గుళ్ళు కొన్నాను. కొట్టాయన "ఏం వలకండీ?" అన్నాడు. పాటల పెట్టెకి అంటే నవ్వి పది రూపాయలు తగ్గించాడు. బరువైన గుండు ఒకటి ఏరి, 6.1 వచ్చేదాకా ఆకురాయి పట్టాను. అంటే ఈసారీ వల గుండే. తూకం మాత్రం కుదిరింది. సీసం రాపిన చేత్తో అన్నం తినకూడదని అమ్మ సున్నిపిండితో రెండుసార్లు కడిగించింది.

ఆగస్టు 3

సౌండు బాక్సు పెద్ద కథ కాదు, ఓపిక పని. ముల్లు కదలికని గాలిలోకి పంపేది రూపాయి బిళ్ళకంటే పెద్దదైన అభ్రకం పొర. దాని అంచుకి రెండువైపులా రబ్బరు రింగులు. ఆ రబ్బరు అప్పడంలా విరిగింది. కొత్త రింగులకి సైకిల్ వాల్ ట్యూబు సరిగ్గా సరిపోయింది. బ్లేడుతో ఏటవాలుగా కాకుండా నిటారుగా కోసి, కొసలు ఒకదానికొకటి ఆనించి కూర్చోబెట్టాలి. అభ్రకం మధ్యలో స్క్రూ దగ్గర గాలి పోకుండా ఒక్క చుక్క తేనెమైనం. అభ్రకం పగలలేదు, అంచున ఒక పొర కాస్త లేచింది అంతే. పగిలితే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. గూడూరు అభ్రకం గనులున్న దేశంలో పుట్టి ఇస్త్రీపెట్టె షీటు ఒకటి సంపాదించలేమా?

ఆగస్టు 10

ఇవాళ ఒక వెధవ పని చేశాను. దాచుకోకుండా రాస్తాను.

ప్లేట్లు మొత్తం 11. నాలుగు పగిలిపోయాయి. మిగతావాటి మీద బూజు. పౌరాణిక నాటకం సెట్టు నాలుగు ప్లేట్లు క్షేమంగా ఉన్నాయని సంతోషించి, మూడోది తీసి, షాపులో కాంటాక్టులు తుడిచినట్టు దూదికి స్పిరిటు పట్టించి తుడిచాను. దూది నల్లబడింది. మురికి పోతోందని ఇంకా గట్టిగా తుడిచాను. మురికి కాదది, ప్లేటే కరిగి వస్తోంది! లక్కతో చేసిన ప్లేటు ఇది. వడ్రంగి మేస్త్రి లక్క పాలిష్ కలిపేది స్పిరిటులోనే అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి మరీ చేశాను. బయటి అంచున వేలెడు వెడల్పు గాళ్ళు పూర్తిగా నున్నబడ్డాయి. ఇక మీదట రాయబారంలో కృష్ణుడు రావడం ఉండదు, సభ మధ్యలో హఠాత్తుగా మాట్లాడుతూ కనిపిస్తాడు.

మిగతావి గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం ఒక్క బొట్టు కలిపి, లేబులు తడవకుండా, మెత్తటి బ్రష్షుతో గాళ్ళ వెంబడే తుడిచి నిలువుగా ఆరబెట్టాను. ఏ మచ్చా లేదు.

ఆ లక్క ప్రయాణం తలుచుకుంటే విచిత్రం. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి పట్టిన మొదటి పాటలు జర్మనీలోని హనోవర్‌లో అచ్చయి మళ్ళీ ఓడెక్కి వచ్చాయి. మన అడవుల్లో పురుగు పెట్టిన లక్క సీమకెళ్ళి, మన పాట మోసుకుని తిరిగొచ్చేదన్నమాట. 1908లో కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ పెట్టాక ఆ రానుపోను ఖర్చు తప్పింది.

ఆగస్టు 17

అన్నీ బిగించాను. ట్యూబులైటు కింద గీతలు నిలబడ్డాయి, ఊగడం లేదు, మోత లేదు. పెట్టె ఇంటికి తెచ్చి హాల్లో మంచం మీద పెట్టాను. అమ్మ ప్లేటు ఒకటుంది, దాని లేబులు వరదలో ఊడిపోయింది, ఎవరు పాడారో తెలీదు. ఆనాటి గాయని గౌహర్ జాన్ లాగా చివర్లో తన పేరు తనే చెప్పేసి ఉంటే మనకి ఈ బాధ ఉండేది కాదు, ఆయన చెప్పలేదు. ఒక పద్యం, హార్మోనియం, మూడు నిమిషాలు. రాగం తియ్యాలని మనసులో ఉన్నా ప్లేటు చాలదని తెలిసి తరుముకుంటూ పాడినట్టు ఉంటుంది.

కొత్త ముల్లు బిగించాను. ఉక్కు ముల్లు ఒక్క పక్కకే. ప్లేటులో కలిపిన రాతిపొడి ముల్లు కొసని అరగదీసి గాడికి తగ్గట్టు చేసుకుంటుంది. అదే ముల్లు మళ్ళీ వాడితే అరిగిన అంచులు గాడిని చెక్కేస్తాయి. ముల్లు దించాను. ముందు నూనెలో వేగుతున్న చప్పుడు, తర్వాత హార్మోనియం, తర్వాత గొంతు. గది నిండిపోయింది. ఇంత చిన్న పెట్టెలోంచి, ఒక్క వైరు లేకుండా.

నేను అమ్మ మొహం చూస్తున్నాను. అమ్మ పద్యం అయ్యేదాకా కళ్ళు మూసుకుని విని, "బానే ఉంది" అంది. కాసేపాగి, "ఈయన కాదురా" అంది.

"ఈ ప్లేటేనమ్మా. అంచు దగ్గర పెచ్చు ఊడింది కూడా నువ్వే చెప్పావుగా."

"ప్లేటు ఇదే. గొంతు ఇది కాదు. ఆయన కుర్రాడు. గొంతు ఇంకా పైన ఉండేది. ఈయనెవరో పెద్దాయన, జలుబు చేసినట్టు పాడుతున్నాడు. గుర్రుమని చప్పుడొకటి వచ్చేది కింద, అదీ లేదు."

ఏం చెప్పను? గోడ మీద సుద్దతో వేసిన లెక్కంతా నోట్లోనే ఉండిపోయింది. అమ్మకి ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నది 83లోనే. వల గుండు వేసిన తర్వాత పాటే ఆవిడ పాట.

ఆగస్టు 24

గోదావరికి నీళ్ళొచ్చి పంటు ఆపేశారు, మామయ్య రాలేకపోయాడు. ఫోనులో వినిపిస్తే "మా నాన్న బతికొచ్చినట్టుందిరా" అన్నాడు. ఆయనకి గొంతులో తేడా తెలియలేదు. చెవులు అమ్మవే.

తేల్చుకుందామని భజన మందిరం హార్మోనియం తెప్పించాను. హార్మోనియం మెట్లు స్థిరంగా ఉంటాయి కాబట్టి, సరైన వేగంలో ప్లేటులోని శ్రుతి ఏదో ఒక మెట్టు మీద కూర్చోవాలి. 78లో పెట్టాను. చక్కగా ఒకటి శ్రుతి మీద కూర్చుంది. గెలిచాననుకున్నాను. సరదాకి లివరు జరిపి 83 దగ్గర పెట్టాను. ఒకటిన్నర మీద అంతే చక్కగా కూర్చుంది. ఒక మెట్టుకీ తర్వాతి మెట్టుకీ మధ్య తేడా ఆరు శాతం, మా వల గుండు తెచ్చిన తేడా కూడా ఆరు శాతం పైచిలుకు! పైగా ఆ రోజుల్లో ప్రతి ప్లేటూ కచ్చితంగా 78లోనే పట్టలేదు, అటూ ఇటూ ఉండేవి. నాటకాల వాళ్ళు పై శ్రుతిలో పాడతారని అమ్మ వాదన. సాక్షిని పిలిస్తే ఇద్దరి వైపూ చెప్పి పోయింది.

అమ్మ ఇంకో మాట చెప్పింది. ముళ్ళు దొరకనప్పుడు తాతయ్య సర్కారు తుమ్మ ముల్లు కోసి పెట్టేవారట. కాలవగట్టు నుంచి రెండు తెచ్చి ప్రయత్నించాను. చప్పుడు సగం తగ్గింది, నూనె వేగే మోత కూడా తగ్గింది, గొంతు మాత్రం మెత్తగా, దగ్గరగా వినిపించింది. ముల్లు అనే మాట దీనికే సరిపోతుంది.

సెప్టెంబరు 7

రెక్సిను పని. ఊడిన అంచులు మైదా బంకతో అతికించాను, బంకలో చిటికెడు మైలతుత్తం కలిపి. లేకపోతే మన తేమకి పురుగులు పండగ చేసుకుంటాయి. మూలల్లో తుప్పు పట్టిన రేకులు తీసి రుద్ది, మళ్ళీ కొట్టాను. కుక్క బొమ్మ ముట్టుకోలేదు. వరద గీత ఒకటి పెట్టె చుట్టూ లేతగా ఉంది, అదీ అలాగే వదిలేశాను.

పాత వల గుండుని ముళ్ళు వేసే చిన్న గిన్నెలో పెట్టాను. తీసి మళ్ళీ బిగించమంటావా అని అమ్మని అడిగాను. "వద్దులే, చేసిన పని ఎందుకు చెడగొట్టడం" అంది.

రాత్రి షాపు కట్టి ఇంటికొచ్చేసరికి పద్యం వినిపిస్తోంది, వీధిలోకే. లోపలికి వెళ్ళి చూస్తే లివరు మధ్య గీత మీద లేదు. ఫాస్టు వైపు రెండు గీతలు జరిగుంది. అక్కడ రెక్సిను మీద బొట్టు పెట్టే కుంకంతో చిన్న చుక్క. కదిలితే మళ్ళీ వెతుక్కోకుండా.

మిగిలిన పని: మూత బందు ఒకటి వదులుగా ఉంది. ఉక్కు ముళ్ళు డబ్బాలో ఇంకో 30 ఉంటాయి, తెప్పించాలి. సర్కారు తుమ్మ కాలవగట్టు మీద కావలసినంత ఉంది.